రాయిని అదే రాయితో తూచాం

ఉద్యోగంలో నేను చేసిన గొప్ప పనుల గురించి రాయమని పాత సహోద్యోగులు కొందరు అడిగారు. వెతికాను, దొరకలేదు. చేసిన తప్పుల్లో మాత్రం ఒకటి మంచి సైజులో ఉంది. ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న మీకు అదే ఎక్కువ పనికొస్తుందని రాస్తున్నాను. పరాయివాడి గొప్ప చూసి ఎవరూ నేర్చుకోరు, ఆవలిస్తారంతే.

నేను తిరువూరు బజారులో కిరాణా కొట్లో పెరిగినవాణ్ణి. మా కొట్టుకి బోర్డు ఉండేది గానీ ఎవరూ చదివేవారు కాదు. ఊరందరికీ అది 'సాయిబుగారి కొట్టు'. నాకు మాటల కంటే ముందు బేరం వచ్చింది. ఇప్పటికీ డాక్టరు మూడు పూటలా మందు వేసుకోమంటే, "రెండు పూటలకి రాదాండీ?" అని నోరు జారుతుంటాను.

మా నాన్నకీ ఎదురు కొట్టు శెట్టిగారికీ మాటల్లేవు. ఎప్పుడో కందిపప్పు దగ్గర తెగిపోయాయట. అయినా నెలకొక శుక్రవారం నాన్న నమాజుకి వెళ్తూ, తన తూకపు రాళ్ళ పెట్టెని శెట్టిగారి అరుగు మీద పెట్టి వెళ్ళేవాడు. తిరిగి వచ్చేసరికి ఆయన వాటిని తన రాళ్ళతో ఒక్కొక్కటే తూచి ఉంచేవాడు. మర్నాడు ఆయన పెట్టె మా గుమ్మంలో ఉండేది. మాటలు లేకుండానే రాళ్ళు వచ్చి పోయేవి. "మన కాటా మీద మనమే చూసుకోవచ్చుగా నాన్నా?" అని ఒకసారి అడిగాను.

"మన రాయి మనతో అబద్ధం చెబుతుందిరా, ప్రేమకొద్దీ," అన్నాడు.

ఆ మాట నలభై ఏళ్ళు గుర్తుంచుకున్నాను, దాంతో పని పడ్డ ఆ ఒక్క నెల తప్ప.

విజయవాడలో ఒక ప్రైవేటు జన్యు పరీక్షల ల్యాబులో పనిచేశాను. టెక్నీషియనుగా చేరి సీనియర్ టెక్నీషియనుగా దిగాను. మధ్యలో పెరిగింది ఆ ఒక్క మాటే. మా పని ఏమిటో కొట్టు భాషలో చెబుతాను. మనిషి ఒంట్లో ప్రతి కణంలోనూ జన్యు సరుకు రెండేసి ప్రతులుగా ఉంటుంది. తల్లి ఇచ్చింది ఒకటి, తండ్రి ఇచ్చింది ఒకటి. కొందరికి అందులో ఎక్కడో ఒక ముక్క తరుగు పోతుంది. కొందరికి ఒక ముక్క కొసరు పడుతుంది. ఆ ముక్కని బట్టి ఏమీ కాకపోవచ్చు, బిడ్డ ఎదుగుదలే దెబ్బతినొచ్చు. పూర్వం క్రోమోజోములని మైక్రోస్కోపు కింద పెట్టి కంటితో చూసేవాళ్ళం. బస్తా పోతే తెలిసేది గానీ గిద్దెడు పోతే తెలిసేది కాదు.

తర్వాత చిప్పు వచ్చింది. రోగి డి.ఎన్.ఏ.కి ఎర్ర రంగు, మామూలు మనిషి డి.ఎన్.ఏ.కి పచ్చ రంగు పూసి, రెండూ సమంగా కలిపి, వేల చుక్కలు అచ్చువేసిన గాజు పలక మీద పోస్తాం. ఒక్కో చుక్క జన్యు సరుకులో ఒక్కో చోటుకి గుర్తు. రెండు రంగులూ సమంగా అంటుకుంటే అక్కడ తేడా లేనట్టు. ఎరుపు తగ్గితే రోగికి అక్కడ తరుగు, పెరిగితే కొసరు. అంటే ఇది కాటాయే. ఇటు సరుకు, అటు రాయి. ఆ రాయినే మేం రిఫరెన్సు అనేవాళ్ళం.

ఆ రాయి విదేశం నుంచి చిన్న సీసాలో వచ్చేది. పదిమంది ఆరోగ్యవంతుల డి.ఎన్.ఏ. కలిపి పంపేవారు. ఒక ఏడాది ఆ సీసా కస్టమ్స్ వాళ్ళ దగ్గర ఇరుక్కుపోయింది. లోపల మనిషి డి.ఎన్.ఏ. ఉందని రాసి ఉంటే, ఏ మనిషిదో చెప్పమన్నారట. ఇక్కడ నమూనాలు పేరుకుపోతున్నాయి. డైరెక్టరుగారు మీటింగు పెట్టారు. ఆయన మీటింగు పెట్టారంటే మనలో ఎవరో ఒకరు తెలివితక్కువ మాట అనేదాకా ముగియదు. ఆ రోజు ఆ భాగ్యం నాది.

"బయట నుంచి తెప్పించడం దేనికండీ? మనమూ మనుషులమేగా. నాకు జ్వరం వచ్చి ఇరవై ఏళ్ళయింది. నా రక్తం తీసుకోండి," అన్నాను.

రిపోర్టులు చదివేవాళ్ళలో ఒక అమ్మాయిది మా వైపే, విస్సన్నపేట. నన్ను సార్ అంటూనే తిట్టగల నేర్పరి. "ఒక్కరిది చాలదు సార్. కనీసం పదిమందిది కలుపుదాం. ఒకరిలో ఏదన్నా తేడా ఉన్నా మిగతావాళ్ళలో కలిసిపోతుంది," అంది.

"సరుకు ఒక్క కొట్లో దొరుకుతుంటే పది కొట్లు తిరగడం దేనికమ్మా?" అన్నాను.

అందరూ నవ్వారు. డైరెక్టరుగారు ఇంకా గట్టిగా నవ్వి సంతకం పెట్టారు.

నియమం ప్రకారం కొత్త రాయిని వాడే ముందు సరిచూడాలి. దేనితో? పాత సీసా ఖాళీ. అందుకని నా డి.ఎన్.ఏ.కే ఒక పాలు ఎర్ర రంగు, ఒక పాలు పచ్చ రంగు పూసి ఒకే పలక మీద పోశాం. ఒక్క చుక్క దగ్గరైనా తేడా లేదు. గ్రాఫు ఇస్త్రీ చేసిన పంచెలా వచ్చింది. "ఇంత శుభ్రమైన ఫలితం ఈ ల్యాబులో ఇంతవరకూ రాలేదు," అన్నారు డైరెక్టరుగారు. దాన్ని ఫ్రేము కట్టించి రిసెప్షన్లో తగిలించారు. రాయిని అదే రాయితో తూచి, సరిపోయిందని పండగ చేసుకున్నాం. అక్కడ మొత్తం పద్నాలుగు డిగ్రీలున్నాయి. కొట్లో పెరిగినవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్ళకి తెలియకపోతే తెలియలేదు, నాకేమైంది?

ఇంటికెళ్ళి మా ఆవిడతో, "ఇకనుంచి మనిషి అంటే నేనే. మిగతావాళ్ళంతా నాతో పోల్చి చూసుకోవాల్సిందే," అన్నాను.

"అయితే అందరి పనీ అయిపోయినట్టే," అంది.

మా ఇంటికి సంబంధించినంత వరకు శాస్త్రీయ దృష్టి ఆవిడదేనని తర్వాత తేలింది.

ఆ నెల మా ల్యాబు వెలిగిపోయింది. అంతకు ముందు పిల్లల నమూనాలు చాలావాటిలో ఏమీ దొరికేది కాదు. ఇప్పుడు వరసగా దొరుకుతోంది. ఒక రిపోర్టులో తరుగు, ఇంకో దాంట్లో తరుగు. మార్కెటింగు ఆయన డాక్టర్ల దగ్గరికి వెళ్ళి మా కన్ను చురుకైందని చెప్పి వచ్చాడు. బందరు లడ్డూలు పంచారు. నేను రెండు తిన్నాను.

ఇదంతా ఎవరికీ ఎందుకు అనుమానం రాలేదని మీరడగొచ్చు. మా ల్యాబులో గోప్యత నియమం ఉండేది. ఒకరు చదివే ఫైలు ఇంకొకరు చూడకూడదు. ఆ నెల పరీక్ష చేసిన ఐదుగురు పిల్లల ఫైళ్ళు ఐదు బల్లల మీదికి వెళ్ళాయి. ఎవరి బల్ల మీద వాళ్ళకి ఒక్క తరుగే కనిపించింది. గోప్యత ఎంత పకడ్బందీగా సాగిందంటే, నిజం కూడా ఒకరి నుంచి ఒకరికి తెలియలేదు.

ఆరో నమూనా పుట్టని బిడ్డది. తల్లి ఊరు పెనుగొలను. స్కానింగులో ఏదో అనుమానం కనిపిస్తే తిరువూరు డాక్టరమ్మగారు విజయవాడ పంపి ఉమ్మనీరు తీయించారు. మా రిపోర్టులో తరుగు ఉందని, అది ముఖ్యమైన చోటే ఉందని వెళ్ళింది. అది నాకు తెలియదు. రిపోర్టులు నా బల్ల మీదికి రావు. రంగులు పూయడం వరకే నా వాటా.

ఒక మధ్యాహ్నం మా గదిలో ఫోను మోగింది.

"సార్, పెనుగొలను నించండి. నేను గంపలగూడెం, తిరువూరు మధ్య ఆటో తోల్తానండి. మా ఆవిడ రిపోర్టులో ఏదో తక్కువొచ్చిందన్నారండి. ఎంత తక్కువండీ?"

"అది డాక్టరమ్మగారే చెప్పాలయ్యా."

"ఆవిడ తక్కువుందన్నారు గానీ ఎంతో చెప్పలేదండి. బండిలో డీజిలు తక్కువుందంటే సరిపోదు కదండీ. ఎంతుందో తెలిస్తే కదా ఊరు చేరతామో లేదో తెలిసేది. రేపు పొద్దున్నే రమ్మన్నారండి. తీసేస్తారంట. అందుకని అడుగుతున్నానండి."

ఎంత తక్కువ? కొట్టుకొచ్చిన ప్రతివాడూ అడిగే మాట. ల్యాబులో మాత్రం ఎవరూ అడగలేదు. సాఫ్ట్‌వేరు ఒక గీత గీసి, దాని కిందికి దిగినదానికల్లా 'తరుగు' అని ముద్ర కొట్టేది. గీతకి ఎంత కిందికి దిగిందో ఎవడిక్కావాలి?

విస్సన్నపేట అమ్మాయి దగ్గరికెళ్ళి ఫైలు చూపించమన్నాను. "రూలు ఒప్పుకోదు సార్," అంటూనే చూపించింది. గ్రాఫు చూశాను. రెండు ప్రతుల్లో ఒకటి పోతే కాటా సగానికి పడిపోవాలి. ఇక్కడ సగానికి పడలేదు. మూడో వంతు తగ్గి ఆగింది.

"సగానికీ మూడో వంతుకీ తేడా లేదా అమ్మా?"

"కొన్ని కణాల్లో ఉండి కొన్నిట్లో లేకపోతే అలా రావచ్చు సార్. రిపోర్టులో అదే రాశాను."

"ఆ లడ్డూల నెల ఫైళ్ళు ఐదూ తీసుకురా."

"ఉద్యోగం పోతుంది సార్."

"నాది ముందు పోతుందిలే. సీనియర్‌ని."

ఐదు గ్రాఫులు తెచ్చి ఆరోదాని పక్కన పరిచింది. ఆరింట్లోనూ అదే చోట, అదే లోతున, అదే గుంట. ఆ అమ్మాయి స్కేలు పెట్టి ఒక్కోటే కొలిచింది. నాకు మాత్రం మా బజారు కనిపించింది. కొట్టుకి సరుకు అమ్మడానికొచ్చిన ఒకడికి తూకం తగ్గితే సరుకు తక్కువని. వచ్చిన వాళ్ళందరికీ ఒకే లెక్కన తగ్గితే, రాయి బరువు పెరిగిందని. ఇటు రోగికి రెండు ప్రతులుండి, అటు రాయికి మూడు ఉంటే మూడో వంతు తగ్గినట్టే కనిపిస్తుంది.

ఆ రాయి నేను.

డైరెక్టరుగారి దగ్గరికి పరిగెత్తాం. విని, కళ్ళజోడు తుడుచుకుని, "ఇది చాలా సున్నితమైన విషయం. సోమవారం కమిటీ వేద్దాం," అన్నారు. రేపే తీసేస్తారండీ అన్నాను. "నిర్ధారణ కాకుండా మనం ఏమీ చెప్పకూడదు, అది ప్రమాణాలకి విరుద్ధం," అన్నారు. నిర్ధారణ కాకుండా రిపోర్టు పంపినప్పుడు ప్రమాణాలు భోజనానికి వెళ్ళినట్టున్నాయి. డాక్టరమ్మగారికి ఫోను చేస్తే ఆపరేషన్లో ఉన్నారన్నారు. ఆటో అతని ఫోను కలవలేదు. సెలవు చీటీ రాసి బల్ల మీద పెట్టి, మర్నాడు తొలి బస్సెక్కాను.

మైలవరం దాటేదాకా కిటికీ పక్కన కూర్చుని బేరం మాటలు పేర్చుకున్నాను. జీవితంలో ఎన్నో బేరాలాడాను. తప్పు నాదే అయిన సరుకుని వెనక్కిమ్మని అడగడం మాత్రం అదే మొదలు.

నర్సింగ్ హోము వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నారిద్దరూ. అతను ఖాకీ చొక్కాలో ఉన్నాడు. ఆవిడ గంపలగూడెంలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. చేతిలో చిన్న బైబిలు, దాని మధ్యలో మడిచి పెట్టిన మా రిపోర్టు. నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పాను. అతను లేచి నిలబడ్డాడు. ఆవిడ లేవలేదు.

"ఈ కాగితం రాసింది ఎవరు సార్?"

"మేమేనమ్మా."

"ఇప్పుడు తప్పంటున్నదెవరు?"

"మేమే. తప్పని అనడం లేదు, అనుమానం ఉందంటున్నాం."

"మా పిల్లలు పరీక్షల్లో ఇలా రాస్తే సున్నా వేస్తాను సార్. నాలుగు రోజుల్నించి ఏడ్చాను. నిన్న రాత్రే మనసు గట్టి చేసుకున్నాను. ఇప్పుడొచ్చి మళ్ళీ ఆశ పెడుతున్నారు. రేపు అదీ తప్పంటే?"

ఆమె భర్త మధ్యలోకొచ్చాడు. "సార్, మీరు సాయిబుగారి కొట్టు అబ్బాయాండీ? ముఖం ఎక్కడో చూసినట్టుంది." అవునన్నాను. అతను భార్య వైపు తిరిగి, "ఆ కొట్లో తూకం తేడా రాదే. మా నాన్న పెనుగొలను నించి పనిగట్టుకుని అక్కడికే వచ్చేవాడు," అన్నాడు.

సిగ్గుతో నేల చూశాను. మా నాన్న అరవై ఏళ్ళు నిలబెట్టిన పేరుని నేను అక్కడ వాడుకుంటున్నాను.

డాక్టరమ్మగారు బయటికొచ్చారు. విషయం విని మండిపడ్డారు. అది ఆవిడ హక్కు. "మీ రిపోర్టు నమ్మి నేను వీళ్ళకి చెప్పాను. తీయడానికి చట్టం ఇచ్చిన గడువు ఇప్పటికే దగ్గర పడుతోంది. ఇంకా ఆలస్యమైతే నా చేతుల్లో ఉండదు. ఎన్ని రోజులు కావాలి మీకు?"

నాకు కావలసింది రెండు రోజులు. "నాలుగు రోజులివ్వండమ్మా," అన్నాను.

"కుదరదు. ఒక్క రోజు."

"మూడు."

"ఇదేమన్నా కూరగాయల బజారా అండీ? రెండు. ఎల్లుండి సాయంత్రం లోపు కాగితం నా చేతిలో ఉండాలి."

"సరేనమ్మా," అన్నాను, నష్టపోయినవాడిలా ముఖం పెట్టి. ఆ అలవాటు నాకు ఎక్కడున్నా పోదు. టీచరమ్మ నన్ను పరీక్షగా చూసి, "మీకు కావల్సింది రెండే కదా సార్?" అంది. తల ఊపాను. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆవిడ పెదాలు కొంచెం కదిలాయని ఆమె భర్త తర్వాత చెప్పాడు.

మధ్యాహ్నానికి ల్యాబులో ఉన్నాను. ఈసారి చిప్పు జోలికి పోలేదు. ఇంకో పద్ధతి ఉంది. అనుమానం ఉన్న ముక్కకి మాత్రమే అంటుకుని వెలిగే రంగు వేసి, కణాన్ని మైక్రోస్కోపు కింద చూడటం. రెండు ప్రతులుంటే రెండు చుక్కలు వెలుగుతాయి, ఒకటుంటే ఒకటి. ఇక్కడ రాయి అక్కర్లేదు, లెక్కపెట్టడమే. మిగిలిన ఉమ్మనీటి కణాలు ఒక పలక మీద, నా రక్తం ఇంకో పలక మీద వేశాం. రంగు అంటుకోవడానికి ఒక రాత్రి పడుతుంది. మర్నాడు పదింటికి ఆ అమ్మాయి మైక్రోస్కోపు దగ్గర కూర్చుంది. నేను వెనక నిలబడ్డాను.

"బిడ్డది చూస్తున్నాను సార్. రెండు. రెండు. రెండు. ఇంకోటి... రెండు." వంద కణాలు చూసేదాకా తల ఎత్తలేదు. "బిడ్డ సరిగ్గా ఉంది సార్."

పలక మార్చింది. ఒకసారి లెక్కపెట్టి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"సార్, మీ దగ్గర ఒకటి ఎక్కువుందండి."

"కొసరు అమ్మా. కొట్టు వాళ్ళం కదా," అన్నాను. అంటూనే వంగి నేనూ లెక్కపెట్టుకున్నాను, మూడు.

ఆ మధ్యాహ్నమే తిరువూరికి కాగితం వెళ్ళింది. డాక్టరమ్మగారు స్కానింగులో చూసిన అనుమానం వేరే సంగతని, దాన్ని కనిపెట్టుకుని ఉంటే చాలని వాళ్ళకి చెప్పారట. సాయంత్రం ఆటో అతను ఫోను చేశాడు.

"మరి ఆ తేడా ఎవరిదండీ?"

"నాదేనయ్యా."

"అయ్యో! మీకేమన్నా ఇబ్బందాండీ?"

"ఇంతవరకూ ఏమీ లేదు. కాస్త బేరం ఎక్కువ ఆడతాను."

ఇక మిగిలిన ఐదుగురు పిల్లలు. ఆ అమ్మాయి ల్యాబంతా తిరిగి పదిమంది రక్తం పోగేసింది. నన్ను తప్ప అందరినీ అడిగింది. ఐదు పరీక్షలూ మళ్ళీ చేశాం. ఐదింట్లోనూ ఆ తరుగు లేదు. పాత రిపోర్టులు వెనక్కి తీసుకోవాలి. ఉత్తరంలో ఏం రాయాలన్న దగ్గర డైరెక్టరుగారికీ నాకూ పెద్ద బేరం నడిచింది. ఆయన 'నవీకరించిన ఫలితం' అన్నారు. నేను 'తప్పు' అన్నాను. 'సాంకేతిక పునఃపరిశీలన' అన్నారు. 'మా తప్పు' అన్నాను. చివరికి 'సవరణ' దగ్గర తెగింది. ఆ బేరంలో ఓడిపోయాను. కింద సంతకం మాత్రం నాది పెట్టించుకున్నాను.

ఆ ఉత్తరం అందుకుని ఒక తల్లి ల్యాబుకొచ్చింది. ఆరేళ్ళ కొడుక్కి మాటలు రాలేదు. "కారణం దొరికిందని మా అత్తగారికి చెప్పుకున్నానండి. నావల్ల కాదని చెప్పుకున్నాను. పదిహేను రోజులు ఇంట్లో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ఇప్పుడేం చెప్పను?" అంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. నీ వల్ల కాదన్నది ఇప్పటికీ నిజమేనమ్మా అన్నాను. "అది కాగితం మీద రాసిస్తారా?" అని అడిగింది. అలాంటి రిపోర్టు మా దగ్గర లేదు. తెల్ల కాగితం మీద నా చేత్తో రాసి ఇచ్చాను. దానికి ల్యాబులో ఏ విలువా లేదని నాకు తెలుసు. ఆవిడ నాలుగు మడతలు పెట్టి జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంది.

గోడ మీది ఫ్రేము దిగిపోయింది. దాని స్థానంలో ఇంగ్లీషులో బారెడు పేరున్న కొత్త విధానం వచ్చింది. ఏ కొత్త రాయినైనా బయటి ల్యాబుకి పంపి సరిచూడాలి. అందుకు సలహాదారుణ్ణి కూడా పిలిపించారు. రోడ్డుకి అవతల ఉన్న పోటీ ల్యాబుతో డైరెక్టరుగారికి మాటల్లేవు. అందుకని నెలకోసారి ఐసు పెట్టె పట్టుకుని రోడ్డు దాటే పని నాకు పడింది. వాళ్ళ గుమ్మంలో పెట్టె పెట్టి వచ్చేవాణ్ణి. మర్నాడు వాళ్ళది మా గుమ్మంలో ఉండేది. రిటైరయ్యేదాకా అదే చేశాను. నా ఉద్యోగంలో సరిగ్గా చేసిన పని అదొక్కటే అనుకుంటాను.

ఇప్పుడు తిరువూరులోనే ఉంటున్నాను. మొన్న గంపలగూడెం వెళ్దామని షేరాటో ఎక్కితే, అద్దంలోంచి చూసి డ్రైవరు బండి ఆపేశాడు. దిగి వచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. వెనక ఏడుగురు ఇరుక్కుని కూర్చున్నవాళ్ళకి నన్ను చూపించి, "మా పిల్లకి తక్కువొచ్చిందని రాసి పంపారు చూడండీ, ఈ సారే! తీరా చూస్తే ఈయన ఒంట్లోనే ఎక్కువుందంట!" అన్నాడు. ఏడుగురూ నన్ను ఎగాదిగా చూశారు. ఒక పెద్దావిడ, "చూస్తే మామూలుగానే ఉన్నాడే," అంది.

ముందు సీట్లో నా పక్కనే ఒక పిల్ల కూర్చుని ఉంది. బడికి సెలవని తండ్రితో వచ్చిందట. రెండు జడలు, ముందు పళ్ళు రెండు లేవు. జేబులో చాక్లెట్టుంటే ఇచ్చాను. కుడి చేత్తో పుచ్చుకుంది. నా వంకే చూస్తూ ఎడం చెయ్యి కూడా చాచింది.

"ఒకటిచ్చాగా?"

"ఇది తమ్ముడికి."

"తమ్ముడున్నాడా?"

"లేడు. పుడితే."

ఇంకోటి ఇచ్చాను. బేరమాడకుండా నేనిచ్చిన కొసరు అదొక్కటే.